మోడిఫై చేసిన టర్బో కారు అమ్మాలంటే: నెల్లూరు, ఒంగోలు స్టూడెంట్ల కోసం

ఇంజినీరింగ్‌లో ఉండగా ఇంట్లో పోరు పెట్టి కొనిపించుకున్న టర్బో కారు. ఆ తర్వాత రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), కిందికి దించిన స్ప్రింగులు, వీధి మొదట్నుంచే వినపడే సైలెన్సర్. ఇప్పుడు చదువైపోయింది. అమెరికా సీటో బెంగళూరు ఉద్యోగమో వచ్చింది, బండి అమ్మాలి. మీ పరిస్థితి ఇదే అయితే ముందు ఒక చేదు మాట వినండి: మోడిఫికేషన్లకు పెట్టిన డబ్బు బండి ధరలో తిరిగి రాదు. లక్షన్నర పోసి పెంచిన పవర్‌ని మన దగ్గర కొనేవాడు లోపం కిందే లెక్కేస్తాడు. "కుర్రోడు తోలిన బండి, ఎట్ట తోలాడో ఏమో" అన్నదే అతని మనసులో మొదటి మాట. ఆ అనుమానం తీర్చగలిగితే ధర వస్తుంది. తీర్చలేకపోతే ఇంజిన్ ఎంత బాగున్నా రాదు. కింద చెప్పేదంతా ఆ అనుమానం తీర్చే పనే.

పోలో జీటీ టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్, పుంటో అబార్త్, బలెనో ఆర్ఎస్ లాంటి బళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మన కాలేజీల పార్కింగుల్లో స్పోర్ట్స్ కారంటే ఎక్కువగా ఇవే. ఇంతకంటే ఖరీదైనది మీ దగ్గరుంటే అదృష్టవంతులు. పద్ధతి మాత్రం అదే.

మొదట ఆర్సీ తీసి చూడండి

కారు మీదే కావచ్చు, ఆర్సీలో పేరు మాత్రం నాన్నదో అమ్మదో అయి ఉంటుంది. అమ్మేది వాళ్ళే. ఫారాల మీద సంతకం వాళ్ళది, ఆధార్ ఓటీపీ వచ్చేది వాళ్ళ ఫోనుకి. నాన్న గల్ఫ్‌లో ఉంటే బేరం కుదిరాక తంటాలు పడకుండా ఆయన సెలవుకి వచ్చే తేదీ చూసుకుని మొదలుపెట్టండి. ఆర్సీలో ఉన్న మనిషి చనిపోయి ఉంటే ఫారం 31తో వారసుడి పేరు మీదకు మార్చుకున్నాకే అమ్మకం మాట.

ఆర్సీలో బ్యాంకు పేరు కనపడితే లోన్ తీరిపోయినా సరే, కాగితం మీద అది ఇంకా బ్యాంకు బండే. బ్యాంకు దగ్గర ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని హైపోథెకేషన్ (ఆర్సీలో రాసి ఉన్న బ్యాంకు తాకట్టు) కొట్టేయించండి. దీనికి రోజులు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు కదలాల్సిన పని ఇది. ఫొటోలూ ప్రకటనా తర్వాత.

పెండింగ్ చలాన్లు చూసి కట్టేయండి. కొనేవాడు మీ నంబరు కొట్టి చూస్తాడు. అందులో వరసగా ఓవర్‌స్పీడ్ చలాన్లు కనపడితే మీరు ఎంత నెమ్మదిగా తోలానని చెప్పినా నమ్మడు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు కూడా ఇప్పుడే చూడండి. ఏపీ 26, ఏపీ 27, ఏపీ 39 ఏదైనా ఇబ్బంది లేదు. చెన్నైలో కొన్న టీఎన్ నంబరు బండిని ఇక్కడివాళ్ళకు అమ్మాలంటే మాత్రం అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిసి వస్తాయి. ఆ ఖర్చు ఎవరిదో మొదటి ఫోన్‌లోనే మాట్లాడుకోండి.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి

చాలామంది కుర్రాళ్ళు తేలిగ్గా తీసుకునే విషయం ఇది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పుకి ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, పొగ నిబంధనలు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా పోవచ్చు. సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద వేసి తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

అమ్మేవాడికి ఇదెందుకంటే, మీరు తీయకుండా వదిలేసిన ప్రతి పార్టూ కొనేవాడికి బేరమాడే ఆయుధం. రేపు అతన్ని హైవే మీద ఆపితే ఫోన్ మీకే వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ఉంటే యాక్సిడెంట్ క్లెయిమ్ తిప్పి కొట్టడానికి వాళ్ళకొక సాకు దొరుకుతుంది. అది తెలిసిన కొనుగోలుదారు బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు.

కంపెనీ కండిషన్‌కి తిప్పండి

కంపెనీ పార్టులు దాచి ఉంటే సగం గెలిచినట్టే. అటక మీదో, షెడ్డులోనో, ఫ్రెండు ఇంట్లోనో ఉన్న పాత సైలెన్సర్, స్ప్రింగులు, ఎయిర్ ఫిల్టర్ బాక్సు, అల్లాయ్ వీల్స్ అన్నీ ఒకచోటికి చేర్చండి. పారేసి ఉంటే పోలోకైతే సెకండ్ హ్యాండ్ పార్టులు చెన్నైలో దొరుకుతాయి. ఆ బండి తయారీ 2022లోనే ఆగిపోయినా అభిమానులు ఇంకా చాలామందే ఉన్నారు. అబార్త్ పార్టులకు మాత్రం ఓపిక కావాలి.

మొదట సైలెన్సర్, డౌన్‌పైప్ (టర్బో నుంచి సైలెన్సర్ వైపు పోయే గొట్టం) మార్చండి. డౌన్‌పైప్‌తో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే డబ్బా) తీసేయించి ఉంటే దాన్ని తిరిగి పెట్టి తీరాలి. అది లేకుండా పొల్యూషన్ టెస్టులో బండి ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. తర్వాత సస్పెన్షన్. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు తిరిగిన బళ్ళలో కాయిలోవర్ల (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాక్ సెట్ల) మరలు ఉప్పు గాలికి పట్టేసి ఉంటాయి. ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచమని మెకానిక్‌కి చెప్పండి. సస్పెన్షన్ విప్పాక వీల్ అలైన్‌మెంట్ చేయించి ఆ ప్రింటవుట్ దాచుకోండి. స్టీరింగ్ ఒక పక్కకి లాగితే కొనేవాడికి వెంటనే యాక్సిడెంట్ గుర్తొస్తుంది.

అద్దాల నల్ల ఫిల్మ్ పీకేయండి. 2012లోనే సుప్రీంకోర్టు కాదన్న విషయం అది. ఫ్యాన్సీ నంబర్ ప్లేటు ఉంటే తీసి హై సెక్యూరిటీ ప్లేటు పెట్టించండి. హెడ్‌లైట్లలో కళ్ళు చెదిరే బల్బులు పెట్టి ఉంటే పాతవి బిగించండి. వెనక అద్దం మీది మీ గ్యాంగు పేరు, హీరో పేరు కూడా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి గీసేయండి. కొనే పెద్దాయనకు వేరే హీరో ఇష్టం కావచ్చు.

ఇక రీమ్యాప్. చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళి కంపెనీ ఫైల్ తిరిగి వేయించి, వేసినట్టు ఒక కాగితమో మెసేజో తీసుకోండి. ఇక్కడ నా మాట గట్టిగా వినండి: కంపెనీ ఫైల్‌కి తిప్పేసినా, ఇంతకు ముందు రీమ్యాప్ ఉండేదన్న సంగతి దాచకండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బళ్ళలో సాఫ్ట్‌వేర్ మారిన సంగతి సర్వీస్ సెంటర్ వాళ్ళకు తెలిస్తే వాళ్ళ సిస్టంలో గుర్తు పెట్టేస్తారు. ఎవరికీ తెలియదనుకున్నది సర్వీసుకు వెళ్ళిన మొదటి రోజే బయటపడుతుంది. రెండేళ్ళు స్టేజ్ 1 (మొదటి స్థాయి) రీమ్యాప్‌తో నడిచిందని ముందే చెప్పిన మనిషిని కొనేవాడు మిగతా విషయాల్లోనూ నమ్ముతాడు. దాచిన మనిషిని వదలడు, ఊళ్ళోనే కదా ఉండేది.

విప్పిన పార్టులు విడిగా అమ్ముకోండి. మంచి కంపెనీ కాయిలోవర్లు, ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి తెచ్చే పైపు), అల్లాయ్‌లకు చెన్నై, బెంగళూరు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గిరాకీ ఉంటుంది. బిల్లు ఉంటే ధర ఇంకాస్త పలుకుతుంది. పెట్టిన డబ్బులో ఎంతో కొంత తిరిగొచ్చేది ఇక్కడే.

ఒక్క సందర్భంలో ఈ తిప్పే పని వద్దు. మార్పులన్నీ తెలిసి, అవే కావాలని అడిగే పిచ్చోడు దొరికితే అలాగే ఇచ్చేయండి. కానీ కంపెనీ పార్టుల మూట కూడా బండితోనే ఇవ్వండి, ఏమేం మార్చారో లిస్టు రాసి సంతకం తీసుకోండి. అలాంటివాడు నెల్లూరులో దొరకడం కష్టం. చెన్నై 175 కిలోమీటర్లే కాబట్టి అక్కడి నుంచి రావచ్చు.

టర్బో బాగుందని చూపించండి

మామూలు కారు కొనేవాడు బాడీ చూస్తాడు. టర్బో కారు కొనేవాడు, లేదా అతను వెంటబెట్టుకొచ్చిన మెకానిక్, పొగ చూస్తాడు. వాళ్ళకంటే ముందు మీరు చూసుకోండి.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను) లోపలి ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ మార్చడం ఆలస్యమైనా, హైవే మీద బాగా తోలి ఆపిన వెంటనే ఇంజిన్ కట్టేసినా, ఆ వేడికి ఆయిల్ మాడి మసి కడుతుంది, బేరింగు అరుగుతుంది. రోహిణి కార్తెలో మన రోడ్ల మీద ఇంకొంచెం తొందరగా. అందుకే ఆయిల్ బిల్లులు మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన కాగితాలు. ఎన్ని కిలోమీటర్లకు మార్చారు, ఏ గ్రేడు ఫుల్ సింథటిక్ పోశారు అన్నది తేదీలతో కనపడాలి. షెడ్డులో మార్పించి బిల్లు తీసుకోకపోయి ఉంటే ఇప్పుడైనా ఆ మెకానిక్‌తో రాయించుకోండి, కానీ నిజంగా చేసినవే. దొంగ బిల్లు ఒకటి బయటపడితే అసలైనవి కూడా చెల్లవు.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలో పిస్టన్ రింగులో పోయినట్టు. నల్ల పొగంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, రీమ్యాప్ సరిగా లేకపోతే ఇలాగే ఉంటుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ తియ్యటి వాసన కొడితే కూలెంట్ లోపలికి పోతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అంతకు ముందు లేని ఈల వినపడితే పైపు ఎక్కడో వదులై గాలి పోతుండవచ్చు. క్లాంపు బిగిస్తే సరిపోయే పని అది. కొనేవాడి చెవికి మాత్రం టర్బో పోయినట్టే వినపడుతుంది.

పాత పోలో జీటీలోని 7 గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్) గేర్‌బాక్సు గురించి కొనేవాళ్ళందరికీ ఏదో ఒక భయం ఉంటుంది. అది 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకు తయారుచేసిన డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) రకం. కంపెనీ ఇంజిన్ 175 మాత్రమే ఇస్తుంది. రీమ్యాప్‌తో ఆ అంకె పెరుగుతుంది, దానితోపాటు క్లచ్ అరుగుదల కూడా. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో మెల్లగా పోతున్నప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకి కుదుపు వస్తుందేమో చూడండి. వస్తే స్కానర్ పెట్టించి క్లచ్ ఎంత మిగిలిందో రీడింగ్ తీయించండి. బాగుంటే ఆ ప్రింటే మీ సాక్ష్యం. బాగాలేకపోతే రిపేరు అంచనా రాయించి, అంత ధర తగ్గించి, సంగతి చెప్పి అమ్మండి. అమ్మే ముందు పెద్ద రిపేర్లు చేయించడం నాకు నచ్చదు. ఆ ఖర్చులో సగం కూడా తిరిగి రాదు.

ఇక్కడ తప్పకుండా అడిగే ప్రశ్న వరద. 2015లో మనల్నీ చెన్నైనీ ముంచిన వానలు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోవడం, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి చెన్నైలో మునిగిన కార్లు మన బజారుకు చేరడం అందరికీ గుర్తే. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తారు, కార్పెట్ ఎత్తి బురద చారలు వెతుకుతారు. చూడనివ్వండి. ర్యాంపు మీద ఎక్కించి అడుగుభాగం ఫొటోలు ముందే తీసి పెట్టుకుంటే సగం మందికి అనుమానం ఫోన్‌లోనే తీరిపోతుంది.

ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వస్తోంది: 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండికి పడుతుందా అని. మీ మాన్యువల్‌లో, పెట్రోలు మూత దగ్గర ఏం రాసి ఉందో అదే చూపించండి. సొంత సిద్ధాంతాలు వద్దు.

ధర

మీ బండి ఏ ఏడాది, ఏ వేరియంట్, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అలాంటిదే, మార్పులు లేని బండి నెల్లూరు, ఒంగోలు, తిరుపతి, విజయవాడ, చెన్నైలలో ఎంతకు పెట్టారో చూడండి. అవి అడుగుతున్న ధరలు, అమ్ముడైనవి కావు. పాత కార్లు కొనే కంపెనీల నుంచి ఒకటి రెండు కొటేషన్లు తీసుకోండి. అది మీ అట్టడుగు ధర. ఈ రెండింటికీ మధ్యనే మీ ధర ఉంటుంది. కంపెనీ తక్కువ చెప్పిందని బాధపడకండి. వాళ్ళు రిపేరు, లాభం, ఆ లాభం మీద 18 శాతం జీఎస్టీ లెక్కేసుకుంటారు. సొంత వాడకం బండి అమ్మే మీకు ఆ జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగి కొత్తవాటి ధర తగ్గింది కాబట్టి, అంతకు ముందు మీ సీనియర్ అమ్మిన ధరను పట్టుకుని కూర్చోకండి.

బ్రోకర్ ద్వారా అయితే కమీషన్ ఎంతో, ఎవరిస్తారో ముందే తేల్చుకోండి. కొందరు రెండు వైపులా తీసుకుంటారు.

ఎప్పుడు అమ్మాలి

అమెరికా పోయేవాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే. ఆగస్టులో క్లాసులు, అందుకే జూన్ జులైలలో అందరూ ఒకేసారి బళ్ళు అమ్మకానికి పెడతారు. సరిగ్గా అప్పుడే ఆషాఢం వస్తుంది. బండి నచ్చినా "శ్రావణంలో తీసుకుంటాంలే అబ్బయా" అంటారు. శ్రావణం వచ్చేసరికి మీరు డల్లాస్‌లో ఉంటారు. మూఢం వచ్చినా ఇదే కథ. కాబట్టి క్యాలెండరు ముందేసుకుని వీసా స్లాట్ దొరికిన వారమే పని మొదలుపెట్టండి, వేసవి ముగిసేలోపు బేరం తెగ్గొట్టండి. ఆషాఢంలో పడితే అడ్వాన్సూ కాగితాలూ ఇప్పుడు, డెలివరీ మంచి రోజున అని ఒప్పించవచ్చు. కానీ డెలివరీ రోజున ఇంట్లో ఎవరుంటారో అప్పుడే రాసుకోండి.

"అమెరికా వెళ్తున్నాం, అర్జెంటు" అని ప్రకటనలో రాయకండి. ఆ ఒక్క మాట చూసి పదిమంది తక్కువ ధరతో ఫోన్ చేస్తారు.

డబ్బు తిరిగే కాలం కూడా ఊరిని బట్టి ఉంటుంది. ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు పొగాకు వేలం సాగుతున్నప్పుడు చేతుల్లో డబ్బు ఆడుతుంది. కోట, వాకాడు, ఇందుకూరుపేట వైపు రొయ్యలకు ధర పలికితే బళ్ళు కదులుతాయి. చీమకుర్తి గ్రానైట్ వాళ్ళ పిల్లలకు మాత్రం మీ కారు లాంటిదే నచ్చుతుంది, వాళ్ళకు కబురు పెట్టండి.

ప్రకటన

బండి కడిగి, పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో ఫొటోలు తీయండి. నాలుగు వైపులా, లోపల, ఇంజిన్, టైర్లు, మీటరు, గీతలు పడ్డ చోట్లు. ఫొటోలో నంబరు కొంత కప్పేయండి. డ్రిఫ్ట్ వీడియో, 180 చూపిస్తున్న మీటరు వీడియో ఎక్కడా పెట్టకండి. ఇన్‌స్టాలో పాతవి ఉంటే అవీ దాచేయండి. నాలుగు వరుసల హైవే మీద కారుకి గరిష్ఠ వేగం 100 అని కేంద్రం నోటిఫికేషన్ చెబుతోంది, మీ నేరానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

రాయడం ఇలా ఉంటే చాలు:

"పోలో జీటీ టీఎస్ఐ ఆటోమేటిక్, 2018, ఏపీ 26, మొదటి ఓనర్ (నాన్నగారు). 61,000 కి.మీ. సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. కొంతకాలం స్టేజ్ 1 రీమ్యాప్‌తో నడిచింది, ఇప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మార్చాం, కాగితం ఉంది. సస్పెన్షన్, సైలెన్సర్ కంపెనీవే. కుడి వెనక డోర్ ఒకసారి పెయింట్ చేయించాం. నీళ్ళలో మునగలేదు. లోన్ లేదు. వేదాయపాళెంలో చూడవచ్చు."

గొప్పలేమీ లేవు చూడండి. అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు మాత్రం అందులోనే ఉంది.

ట్రయల్

మీ ఈడు కుర్రాళ్ళు నలుగురు ఒక బైకు మీద వచ్చి "అన్నా, ఒక్క రౌండ్" అంటే వాళ్ళు కొనేవాళ్ళు కారు. ట్రయల్‌కి ముందు లైసెన్స్ చూసి ఫొటో తీసుకోండి. తాళం చేతికిచ్చి మీరు బయట నిలబడకండి, పక్క సీట్లో కూర్చోండి. మీ ఇన్సూరెన్స్ నడుస్తుండాలి. మొదట మీరే తోలి ఇంజిన్ వేడెక్కాక వాళ్ళకివ్వండి. మినీ బైపాస్‌లో సందడి తక్కువున్న వేళ చూసి ఒక రౌండు, హైవే మీద కాసేపు చాలు. కృష్ణపట్నం పోర్టు రోడ్డు లారీల మధ్య పికప్ చూపించే ప్రయత్నం వద్దు. తిరిగొచ్చాక ఒక నిమిషం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి తర్వాత కట్టేయండి. ఎందుకని అడుగుతారు. చెప్పండి. బండిని చూసుకున్న తీరు తెలియడానికి దానికి మించిన మాట లేదు.

పెద్దాయన వస్తే సంభాషణ వేరుగా ఉంటుంది. "ఏంది అబ్బయా, మైలేజీ ఎంతిస్తది?" అని మొదలవుతుంది. నిజం చెప్పండి. సిటీలో తక్కువే. "మా వాడికి కొందామనుకుంటుండా, స్పీడు ఎక్కువేమో" అంటే, రీమ్యాప్ తీసేసిన సంగతి, ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ సంగతి చెప్పండి. తండ్రిని ఒప్పించేవి ఇవే.

డబ్బు

పాత సామాన్ల యాప్‌లలో ఆర్మీ ఆఫీసర్నంటూ ఫోన్ చేసి, బండి చూడకుండానే అడ్వాన్స్ పంపుతానని క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళుంటారు. డబ్బు తీసుకోవడానికి కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోతోందని అర్థం.

ఒకే అమ్మకానికి ఒక మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నంత మొత్తం పెనాల్టీగా పడవచ్చు. రొయ్యల చెరువుల వాళ్ళు నోట్ల కట్టలతో వచ్చినా, మర్యాదగా బ్యాంకుకే తీసుకెళ్ళండి. ఆర్టీజీఎస్ చేయించి, మీ నాన్న అకౌంట్లో పడిందని బ్యాంకు యాప్‌లో మీరే చూసుకున్నాకే తాళం ఇవ్వండి. వాళ్ళు చూపించే స్క్రీన్‌షాటూ, వచ్చిన ఎస్ఎంఎస్సూ లెక్కలోకి రావు. అడ్వాన్స్ తీసుకుంటే ఎంత, మిగతాది ఏ తేదీలోపు, వెనక్కి తగ్గితే ఏమవుతుందో ఒక కాగితం మీద రాసుకోండి.

పేరు మారేవరకు అది మీ బండే

ఇక్కడ ఒక్క అడుగు కూడా వదలకండి. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్ళే ఓనరు. మీరు అమెరికాలో ఉండగా ఆ బండి కావలి దగ్గర ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మీ నాన్నకే. పైగా ఇది టర్బో బండి, కొన్నవాడు ఎలా తోలుతాడో మీకే బాగా తెలుసు.

డెలివరీకి ముందే ఫారం 29, 30 నింపి, ఇద్దరి సంతకాలతో రవాణా శాఖ పోర్టల్‌లో ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టించండి. మన రాష్ట్రం లోపలే అయితే అమ్మినట్టు 14 రోజుల్లో తెలియజేయాల్సింది మీరు. 30 రోజుల్లో తన పేరుకు మార్చుకోవాల్సింది కొన్నవాడు. అతని ఇష్టానికి వదలకుండా అదే రోజు కూర్చుని పని ముగించండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకర్‌కి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. అది చేయకండి. ఆ బండి మీ పేరు మీదే ఇంకో ముగ్గురి చేతులు మారుతుంది. చెన్నై మనిషి కొంటే ఫారం 28తో ఎన్ఓసీ కావాలి, దానికి పట్టే రోజులు లెక్కలో పెట్టుకోండి.

నూరు రూపాయల స్టాంపు పేపర్ మీద డెలివరీ నోటు రాయండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, మీటరు రీడింగు, ధర, తేదీ, గంట, నిమిషం. "ఈ సమయం నుంచి చలాన్లు, యాక్సిడెంట్లు, కేసులన్నిటికీ కొన్నవారిదే బాధ్యత" అన్న మాట. రీమ్యాప్ చరిత్ర, చేసిన మార్పులు, రిపేర్లు చెప్పామని ఒక లైను. ఇద్దరు సాక్షులు. కొన్నవారి ఆధార్, లైసెన్స్ కాపీలు, తాళం ఇస్తున్నప్పటి ఫొటో. ఈ నోటుతో కోర్టు బాధ్యత పూర్తిగా తొలగిపోదు, కానీ కొన్నవాడి దగ్గర రాబట్టుకోవడానికి చేతిలో ఉండే ఆధారం ఇదే.

ఫాస్టాగ్ బ్యాంకు యాప్‌లో క్లోజ్ చేసి అద్దం మీది స్టిక్కర్ పీకేయండి. లేకపోతే వెంకటాచలం టోల్ దగ్గరా, టంగుటూరు టోల్ దగ్గరా అతను పోయినప్పుడల్లా డబ్బు కట్టేది మీరే. కంపెనీ యాప్‌కి కారు లింకై ఉంటే అదీ తీసేయండి. స్టీరియోలో మీ ఫోన్ కాంటాక్టులు ఉంటాయి, రీసెట్ కొట్టండి.

అమెరికా వెళ్తుంటే ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి నాన్నకు అప్పగించండి. వారానికోసారి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి పేరు మారిందేమో చూస్తుండండి. నెల దాటినా మారకపోతే ఫారం 29 కాపీ, డెలివరీ నోటు జత చేసి ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోమనండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా అమ్మినట్టు రాయాలి. కొన్నవాడు 14 రోజుల్లో పాలసీ తన పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అతనికి పోదు, పాలసీ ఉన్న మనిషికే మిగులుతుంది. ఆ మేరకు లెటర్ తీసుకుంటే 3 ఏళ్ళలోపు మీ నాన్న కొనే తర్వాతి కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (బండికే అయ్యే నష్టానికి కట్టే భాగంలో) 50 శాతం దాకా తగ్గవచ్చు.